రోల్ నంబర్లూ, మెనూ అంకెలూ

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మన సంఘం కార్యదర్శి ఫోను చేసినప్పుడు, నాకు తెలిసింది కంప్యూటరు ప్రోగ్రాములు రాయడం ఒక్కటే, అది ఎవరు చదువుతారు అన్నాను. మన బడితో ముడిపెట్టి రాయి, అందరం చదువుతాం అన్నారాయన. ఆలోచిస్తే ముడిపెట్టడానికి పెద్దగా కష్టపడక్కర్లేదనిపించింది. ముప్ఫై ఏళ్లకు పైగా నేను చేస్తున్న పనిలో అన్నిటికంటే అవసరమైన పాఠం నాకు మొదట ఎదురైంది మన బడిలోనే, ఎనిమిదో తరగతి క్వార్టర్లీ మార్కుల దగ్గర.

అప్పుడు మా సెక్షన్లో 52 మందిమి. పరీక్షలయ్యాక బదిలీ మీద వచ్చిన ఒక ఉద్యోగిగారి అబ్బాయి కొత్తగా చేరాడు. కొత్త నెలకు హాజరుపట్టీ రాసేటప్పుడు పేర్లు అక్షరక్రమంలో ఉండాలని అతన్ని చివర కాకుండా 12వ నంబరులో ఇరికించారు. దాంతో ఆ కిందివాళ్లందరి రోల్ నంబర్లూ ఒకటి చొప్పున జరిగాయి. 23గా ఉన్న నేను 24 అయ్యాను. లెక్కల మాస్టారు దిద్దిన మార్కుల జాబితాలో పేర్లు లేవు, పాత రోల్ నంబర్లే ఉన్నాయి. ప్రోగ్రెస్ కార్డులు మాత్రం కొత్త నంబర్ల ప్రకారం రాశారు. నాకు 84 రావలసింది 31 వచ్చింది. అది నా తర్వాతి వాడి మార్కు. నా 84 నా ముందు వాడికి పోయింది. ఆ సాయంత్రం మా ఇంట్లో ఏం జరిగిందో ఇక్కడ రాయనక్కర్లేదు. నాలాంటి వాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు.

చివరి నంబరు వాడి కార్డులో లెక్కల గడి ఖాళీగా ఉండిపోయింది కాబట్టి సంగతి బయటపడింది. అతనికి మార్కులు మిగల్లేదు మరి! మర్నాడు మాస్టారు తరగతికి వచ్చి, కుర్చీలో కూర్చోకుండా నిలబడే, పొరపాటు తనదేనని చెప్పారు. పేర్లు చూడకుండా అంకెల్ని నమ్మానన్నారు. కార్డులన్నీ తీసుకుని తన చేత్తోనే దిద్దారు. సాయంత్రం సైకిలేసుకుని దెబ్బలు తిన్న పిల్లల ఇళ్లకు వెళ్లి తల్లిదండ్రులతో మాట్లాడారు. మా ఇంటికీ వచ్చారు. మా నాన్నగారు ఆయనకు మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టడం నాకు బాగా గుర్తు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

మెనూకీ పనికీ మధ్య

కంప్యూటరులో ఏ ప్రోగ్రాము తెరిచినా పైన ఫైల్, ఎడిట్, వ్యూ అని ఒక వరుస కనిపిస్తుంది. ఫైల్ మీద నొక్కితే ఓపెన్, సేవ్, ప్రింట్ అని ఒక పట్టీ కిందికి జారుతుంది. ప్రింట్ మీద నొక్కితే కాగితం బయటికొస్తుంది. ఇందులో చెప్పడానికేముంది అనిపిస్తుంది. కానీ తెర మీద కనిపించే "ప్రింట్" అనే మాట వేరు, కాగితం మీద అచ్చు వేయించే ప్రోగ్రాము ముక్క వేరు. రెండూ వేర్వేరు చోట్ల ఉంటాయి, చాలాసార్లు వేర్వేరు మనుషులు రాస్తారు. ఈ మాట నొక్కితే ఆ ముక్క నడవాలి అని మధ్యలో ఎక్కడో ఒక ముడి వేయాలి. ఆ ముడిని ఎలా వేయాలన్న దాని మీద మా వృత్తివాళ్లు దాదాపు యాభై ఏళ్లుగా ఆలోచిస్తూనే ఉన్నారు.

మౌస్ రాకముందు మెనూ అంటే అంకెల జాబితా. 1 నొక్కితే కొత్త పద్దు, 2 నొక్కితే దిద్దుబాటు, 3 నొక్కితే నివేదిక, 4 నొక్కితే బయటికి. మేం ఇంజనీరింగు చదివే రోజుల్లో డీబేస్, ఫాక్స్‌ప్రో లాంటివాటిలో రాసిన ప్రోగ్రాములన్నీ ఇలాగే ఉండేవి. ఏ అంకె వచ్చిందో చూసి, ఒకటైతే ఇది చెయ్యి, రెండైతే అది చెయ్యి అని వరుసగా రాసుకునేవాళ్లం. ముడి కళ్లెదుటే కనిపించేది.

1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ మౌస్‌తో కంప్యూటరును నడిపి చూపించాడు. తర్వాత పని జిరాక్స్ కంపెనీ 1970లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో పెట్టిన పరిశోధన కేంద్రంలో సాగింది. అక్కడ అలన్ కే, డాన్ ఇంగాల్స్, అడెల్ గోల్డ్‌బర్గ్ తదితరులు స్మాల్‌టాక్ అనే భాషను తయారుచేశారు. అందులో మౌస్ బొత్తాం నొక్కితే బాణం గుర్తు ఉన్నచోటే మెనూ పైకి తేలేది. దాని వెనక రెండు జాబితాలుండేవి. ఒకదానిలో మనిషికి కనిపించే మాటలు, రెండోదానిలో అదే వరుసలో ప్రోగ్రాముకు పంపవలసిన సందేశాల పేర్లు. మూడో మాటను ఎంచుకుంటే మూడో సందేశం వెళ్లేది. హాజరుపట్టీ పక్కనే మార్కుల జాబితా పెట్టుకుని వరుస ప్రకారం చదివినట్టన్నమాట. రెండు జాబితాల్లో ఒకదాన్ని మార్చి రెండోదాన్ని మార్చడం మరిచిపోతే ఏమవుతుందో మా సెక్షను వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

తరగతి, సెక్షను, రోల్ నంబరు

1979 డిసెంబరులో ఆపిల్ కంపెనీ నుంచి స్టీవ్ జాబ్స్, ఆయన మనుషులూ ఆ కేంద్రానికి వెళ్లి చూసొచ్చారు. చూసింది చూసినట్టు దించేయలేదు. ఆపిల్లో బిల్ అట్కిన్సన్ మెనూ తీరునే మార్చాడు. మెనూ వరుసను తెర పైఅంచుకు చేర్చి, నొక్కితే కిందికి జారేలా చేశాడు. పైఅంచులో ఒక సౌకర్యం ఉంది. మౌస్‌ను ఎంత గట్టిగా పైకి తోసినా బాణం గుర్తు అంచు దగ్గరే ఆగుతుంది కాబట్టి గురి తప్పదు. ఈ పద్ధతితో 1983 జనవరిలో లీసా వచ్చింది. దాని వెల దాదాపు పది వేల డాలర్లు. ఏడాది తిరిగేసరికి, 1984 జనవరి 24న, 2,495 డాలర్లకు మెకింటోష్ వచ్చింది. ఆ రోజుల్లో మేం ఇక్కడ పదో తరగతి పబ్లిక్ పరీక్షలకు లాంతరు పెట్టుకుని చదువుతున్నాం. అలాంటి యంత్రం ఒకటి ఉందన్న సంగతే మాకు తెలియదు.

మెకింటోష్‌లో ముడి ఎలా ఉండేదంటే: మనిషి మెనూ వరుస మీద నొక్కగానే ప్రోగ్రాము మెనూసెలెక్ట్ అనే ఒక పనిముట్టును పిలుస్తుంది. జారడం, నల్లబడటం, వేలు ఎత్తేదాకా కనిపెట్టుకుని ఉండటం అంతా అదే చూసుకుని చివరికి ఒక పెద్ద అంకె తిరిగి ఇస్తుంది. ఆ అంకెలో పై సగం ఏ మెనూ అన్నది, కింది సగం అందులో ఎన్నో వరుస అన్నది. ఎనిమిదో తరగతి బి సెక్షను, రోల్ నంబరు 17 అన్నట్టే. ఆ రెండూ చూసి ఏ పని చేయాలో ప్రోగ్రాము తేల్చుకోవాలి. మెనూ పేరు పనంతా అయ్యేదాకా నల్లగానే ఉండేది. పని పూర్తయ్యాక దాన్ని మళ్లీ తెల్లగా చేయమని ప్రోగ్రామే చెప్పాలి. అలా మనిషికి "మీరు చెప్పింది జరుగుతోంది" అని తెలిసేది. మొత్తం 128 కిలోబైట్ల జ్ఞాపకశక్తి ఉన్న యంత్రంలో ఇంత మర్యాద పెట్టారంటే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

అయితే రోల్ నంబరుతో వచ్చే చిక్కు ఇక్కడా ఉంది. మెనూ మధ్యలో కొత్త అంశాన్ని ఇరికిస్తే దాని కిందివన్నీ ఒక్కో మెట్టు దిగుతాయి. ప్రోగ్రాములో ఆ అంకెలన్నిటినీ గుర్తు పెట్టుకుని మార్చాలి. ఒక్కటి మరిచిపోయినా ఒకడి మార్కులు ఇంకొకడికి పోతాయి.

అడ్మిషన్ నంబరు

1985 నవంబరులో మైక్రోసాఫ్ట్ విండోస్ మొదటిది వచ్చింది. అందులో పద్ధతి వేరు. మెనూలోని ప్రతి అంశానికీ అది ఎన్నో వరుసలో ఉందన్న దానితో సంబంధం లేకుండా ప్రోగ్రాము రాసేవాడే ఒక అంకె ఇస్తాడు. మెనూ మొత్తాన్నీ రిసోర్స్ ఫైలు అనే విడి ఫైల్లో రాస్తాడు. మనిషి ఒక అంశాన్ని నొక్కగానే విండోస్ ఆ అంకెను డబ్ల్యూఎం కమాండ్ అనే సందేశంలో పెట్టి ప్రోగ్రాముకు పంపుతుంది. అంశాన్ని పైకి జరిపినా, కిందికి జరిపినా, వేరే మెనూలోకి మార్చినా దాని అంకె దానితోనే ఉంటుంది.

దీన్ని చదివినప్పుడు నాకు వెంటనే గుర్తొచ్చింది మన బడి అడ్మిషన్ రిజిస్టరు. రోల్ నంబరు ఏడాదికోసారి మారుతుంది, ఒక్కోసారి మధ్యలోనూ మారుతుంది. అడ్మిషన్ నంబరు మాత్రం బళ్లో చేరిన రోజు నుంచి టీసీ తీసుకునే రోజు దాకా ఒకటే. పుట్టుమచ్చల్లాగా అదీ మారదు. మెకింటోష్ రోల్ నంబరును నమ్ముకుంది, విండోస్ అడ్మిషన్ నంబరును నమ్ముకుంది. ఇక పొరపాటు జరగదు అనుకున్నాను. ఆ పొరపాటు చేసింది మళ్లీ నేనే.

నేను చేసిన తప్పు

1993లో హైదరాబాదులో ఒక చిన్న కంపెనీలో పనిచేస్తున్నాను. ఒక సహకార సంస్థకు లెక్కల ప్రోగ్రాము రాసిచ్చాం. సి భాష, విండోస్ 3.1. మెనూలో రెండు అంశాలు పక్కపక్కన ఉండేవి: ఒకటి రోజు ముగింపు, రెండోది జాబితా ప్రింటు. రోజు ముగింపు నొక్కితే ఆ రోజు పద్దులన్నీ నెల ఖాతాలోకి వెళ్లిపోయి తేదీ మారుతుంది. మళ్లీ వెనక్కి తేవడానికి వీల్లేదు. ముందు జాబితా ప్రింటు తీసుకుని, వోచర్లతో సరిచూసుకుని, తప్పులు దిద్దాకే రోజు ముగించాలి.

ప్రోగ్రాము ఇవ్వబోయే ముందురోజు సాయంత్రం ఆ సంస్థ వాళ్లు, ముందు చేసేది ప్రింటు కదా, దాన్ని పైన పెట్టండి అన్నారు. న్యాయమైన కోరిక. రిసోర్స్ ఫైల్లో రెండు వరుసలు అటూ ఇటూ మారిస్తే అయిపోయేది. నేను అక్కడితో ఆగలేదు. అంకెలు కూడా వరుసగా ఉంటే అందంగా ఉంటుందని, వాటిని రాసిపెట్టుకున్న హెడర్ ఫైల్లో 103నీ 104నీ తారుమారు చేశాను. ఇకనుంచి 103 అంటే ప్రింటు, 104 అంటే రోజు ముగింపు. మార్చిన ఫైలు ఏయే ఫైళ్లకు అవసరమో చూసి, వాటిని మాత్రమే తిరిగి కంపైలు చేయించేందుకు మేక్ ఫైలు అని ఒకటుంటుంది. అందులో రిసోర్స్ ఫైలుకు ఈ హెడర్ కావాలని రాశాను గానీ, అసలు పని చేయించే ఫైలుకు కూడా కావాలని రాయడం ఎప్పుడో మరిచిపోయాను. దాంతో మెనూ కొత్త అంకెలతో తయారైంది, పని చేసే భాగం పాత అంకెలతోనే ఉండిపోయింది. మెనూ దృష్టిలో 103 ప్రింటు. పని చేసే భాగం దృష్టిలో 103 ఇంకా రోజు ముగింపే. రాత్రి తొమ్మిదయింది. తెర మీద వరుస మారిందని చూసుకుని, నొక్కి చూడకుండానే ఫ్లాపీలో ఎక్కించి ఇచ్చేశాను.

మర్నాడు సాయంత్రం అక్కడి గుమస్తా, ఇంకో ఏడాదిలో రిటైరయ్యే ఒక పెద్దావిడ, జాబితా ప్రింటు నొక్కారు. తెర మీద "కొనసాగించాలా?" అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు ప్రశ్న వచ్చింది. దేన్ని కొనసాగించాలో ఆ ప్రశ్నలో లేదు, ఎందుకంటే నేను రాయలేదు. ఆవిడ ప్రింటు గురించే అనుకుని అవునన్నారు. రోజు ముగిసిపోయింది. దిద్దని తప్పులతో సహా పద్దులన్నీ ఖాతాలోకి వెళ్లిపోయాయి.

రెండోరోజు మా మేనేజరు నన్నక్కడికి పంపారు. వెళ్లేసరికి ఆవిడకు మెమో ఇవ్వడానికి కాగితం టైపు చేస్తున్నారు. ఒకటి నొక్కబోయి ఇంకొకటి నొక్కారని, కంప్యూటరు తప్పు చేయదు కదా అని అందరూ తేల్చేశారు. ఆవిడ నాతో, "బాబూ, నేను ప్రింటే నొక్కాను. నాకు బాగా గుర్తు" అన్నారు. నేను నొక్కి చూశాను. రెండు నిమిషాల్లో సంగతి తెలిసిపోయింది.

తెలిశాక చెప్పడానికి మాత్రం రెండు నిమిషాలు చాలలేదు. ఉద్యోగంలో చేరి ఏడాదిన్నరే అయింది. ఆ సంస్థ ఇంకా మా కంపెనీకి సగం డబ్బు ఇవ్వాలి. నేను నోరు మూసుకుని ప్రోగ్రాము సరిచేసి, ఇకనుంచి జాగ్రత్తగా నొక్కండమ్మా అని వచ్చేస్తే ఎవరికీ తెలియదు. నిజం చెప్తున్నాను, కాసేపు అలాగే చేద్దామనుకున్నాను. బయట వరండాలో నిలబడ్డప్పుడు సైకిలు మీద మా ఇంటికొచ్చిన లెక్కల మాస్టారు గుర్తొచ్చారు. లోపలికెళ్లి వాళ్ల కార్యదర్శికి, ఆవిడ ప్రింటే నొక్కారని, తప్పు నేను రాసిన ప్రోగ్రాములో ఉందని చెప్పాను. కాగితం మీద రాసివ్వమన్నారు, రాసిచ్చాను. మెమో ఆగిపోయింది. ఆ రాత్రి ఆవిడ వోచర్లు చదువుతుంటే నేను పద్దులు మళ్లీ ఎక్కించాను. మా కంపెనీలో నాకు గట్టిగానే చీవాట్లు పడ్డాయి గానీ ఉద్యోగం పోలేదు.

ఆ తర్వాత నేను రాసిన ఏ ప్రోగ్రామైనా "కొనసాగించాలా?" అని అడగలేదు. "ఈ రోజు పద్దులు ముగించాలా?" అని చేయబోయే పనిని పేరు పెట్టి అడుగుతుంది.

అంకెలు వద్దు, తీగ కట్టండి

నాలాంటి పొరపాట్లు ప్రపంచమంతటా జరిగాయి కాబట్టే, అసలు మధ్యలో అంకె ఎందుకని కొందరు అప్పటికే ఆలోచించారు. ఆపిల్ నుంచి బయటికొచ్చిన జాబ్స్ పెట్టిన నెక్స్ట్ కంపెనీ 1988 అక్టోబరులో ఒక కంప్యూటరును విడుదల చేసింది. దానితో వచ్చిన ఇంటర్‌ఫేస్ బిల్డర్ అనే పనిముట్టును తయారుచేసినవాడు జాన్ మారీ ఉల్లో అనే ఫ్రెంచి ఇంజనీరు. అందులో మెనూ అంశం దగ్గర నుంచి పని చేయవలసిన వస్తువు దాకా మౌస్‌తో ఒక గీత లాగితే చాలు. ఎవరికి చెప్పాలి, ఏం చెప్పాలి అనే రెండూ ఆ మెనూ అంశమే తన దగ్గర పెట్టుకుంటుంది. మధ్యలో నంబరు లేదు, సరాసరి మనిషి చెయ్యి పట్టుకున్నట్టే.

అందులో ఇంకో ఏర్పాటు ఉంది. "కాపీ" లాంటి పని ఎవరు చేయాలో ముందే చెప్పలేం. ఆ క్షణంలో మనిషి ఏ గడిలో రాస్తున్నాడో దాన్నిబట్టి ఉంటుంది. అలాంటప్పుడు ఎవరికి చెప్పాలన్నది ఖాళీగా వదిలేస్తారు. కోరిక ముందు ఆ గడికి వెళ్తుంది. తనవల్ల కాకపోతే అది కిటికీకి పంపుతుంది. కిటికీ వల్లా కాకపోతే ప్రోగ్రాముకు వెళ్తుంది. మన లీవు లెటరు లాంటిదే. క్లాస్ లీడరు చేతికిస్తాం, అతను క్లాస్ టీచరుకిస్తాడు, మూడు రోజులకు మించితే హెడ్మాస్టారి దాకా పోతుంది. ఎవరికీ అధికారం లేకపోతే మెనూలో ఆ మాట బూడిదరంగులో ఉండి నొక్కుడు పడదు. స్విట్జర్లాండ్‌లోని సెర్న్‌లో టిమ్ బెర్నర్స్ లీ 1990లో ప్రపంచంలోనే మొదటి వెబ్ బ్రౌజరు రాసింది నెక్స్ట్ యంత్రం మీదే. ఇవాళ్టి మాక్ కంప్యూటర్లలో నడుస్తున్నదీ ఈ పద్ధతే.

మైక్రోసాఫ్ట్ వైపు 1991లో విజువల్ బేసిక్ వచ్చింది. మెనూ అంశానికి ఒక పేరు పెట్టి, ఆ పేరు చివర "క్లిక్" చేర్చి ప్రోగ్రాము ముక్క రాస్తే ముడి దానంతటదే పడేది. మన దేశంలో వేలమంది కుర్రాళ్లు దీంతోనే ఉద్యోగాల్లోకి వచ్చారు. చిక్కల్లా, తర్వాత మెనూ పేరు మారిస్తే పాత ముక్క అనాథగా మిగిలిపోయేది. నొక్కితే ఏమీ జరిగేది కాదు, తప్పని చెప్పేవాళ్లూ ఉండరు. 1995లో ఆండర్స్ హెల్స్‌బర్గ్ నాయకత్వంలో బోర్లాండ్ కంపెనీ తెచ్చిన డెల్ఫీలో ముడి గట్టిపడింది. ఏ మెనూకు ఏ ముక్క అన్నది విడిగా రాసుకుంటుంది, ముక్క తీరు సరిపడకపోతే కంపైలరు ఒప్పుకోదు.

పేరును నమ్మితే

1996లో జావా వచ్చింది. మొదటి రూపంలో మెనూ నొక్కితే ప్రోగ్రాముకు అందేది ఆ అంశం మీద రాసిన మాటే. వచ్చిన మాట "ప్రింట్" అయితే ఇది చెయ్యి, "ఓపెన్" అయితే అది చెయ్యి అని పోల్చి చూసుకోవాలి. అంకెలకంటే పేర్లు నయమే కదా అనిపిస్తుంది. మా తరగతిలో ముగ్గురు శ్రీనివాసులుండేవారు. హాజరు పిలిచినప్పుడల్లా ఏ శ్రీనివాసు అని అడగాల్సి వచ్చేది. మెనూల్లోనూ అంతే, ఒకే మాట రెండు చోట్ల ఉంటే ఏది నొక్కారో తెలియదు.

దానికంటే పెద్ద చిక్కు మనలాంటి వాళ్లకు వచ్చింది. మెనూను తెలుగులోకి మార్చి "ప్రింట్" బదులు "ముద్రించు" అని రాస్తే, ప్రోగ్రాము "ప్రింట్" అన్న మాట కోసం వెతుక్కుంటూ ఉంటుంది, ముద్రణ జరగదు. 1997లో వచ్చిన 1.1లో పద్ధతి మార్చారు. ఎవరికి కావాలో వాళ్లు ముందే పేరు నమోదు చేసుకుంటే నొక్కినప్పుడు కబురు వాళ్లకే వెళ్తుంది. కనిపించే మాట వేరు, ఆదేశం పేరు వేరు అని విడదీసే వీలు కల్పించారు. అయినా ఆదేశం పేరు విడిగా ఇవ్వకపోతే పైన రాసిన మాటనే తీసుకుంటుంది. బద్ధకించిన వాళ్లు పాత గోతిలోనే పడేవాళ్లు.

తెలుగుకు 1991లోనే యూనికోడ్‌లో చోటు దొరికింది. తర్వాతి దశాబ్దాల్లో స్వచ్ఛంద కార్యకర్తలు జీతం లేకుండా రాత్రుళ్లు కూర్చుని గ్నోమ్, ఫైర్‌ఫాక్స్ లాంటివాటి మెనూలను తెలుగు చేశారు. నేనూ కొన్నాళ్లు ఆ పనిలో వేలు పెట్టాను. ఇంగ్లీషు మాటలు ఎడమపక్క, తెలుగు మాటలు కుడిపక్క ఉన్న పట్టికను నింపాలి. ఇంగ్లీషులో "ఓపెన్" అనే ఒకే మాట "తెరువు" అనే ఆదేశానికీ, "తెరిచి ఉంది" అనే స్థితికీ పనికొస్తుంది. తెలుగులో రెండూ వేరు. ఎడమపక్క మాట ఒక్కటే కనిపిస్తుంటే ఏది రాయాలి? అందుకని ఆ మాట ఎక్కడ వస్తుందో పక్కన రాసే ఏర్పాటు తర్వాత చేర్చారు. తెలుగు మెనూల్లో "ఫైలు" పక్కన బ్రాకెట్లో ఎఫ్ అనే ఇంగ్లీషు అక్షరం ఎందుకుంటుందని మా అమ్మాయి ఒకసారి అడిగింది. మౌస్ లేకుండా మీట నొక్కి మెనూ తెరవడానికి ఒక అక్షరం కావాలి. కీబోర్డు మీద తెలుగు అక్షరం నేరుగా దొరకదు కాబట్టి ఆ ఇంగ్లీషు అక్షరాన్ని తోకలా తగిలించారు.

పనినే ఒక వస్తువుగా

1980ల నడుమ ఆపిల్లో లారీ టెస్లర్ బృందం మాక్‌ఆప్ అనే చట్రాన్ని తయారుచేసింది. కట్, కాపీ, పేస్ట్‌లను మనకు అలవాటు చేసినవారిలో టెస్లర్ ముఖ్యుడు. మాక్‌ఆప్‌లో మెనూ నొక్కగానే పని జరిగిపోదు. ముందు ఆ పనికి ఒక చీటీ తయారవుతుంది. ఆ చీటీకి చేయడమూ తెలుసు, చేసినదాన్ని విప్పడమూ తెలుసు. చీటీలను దాచుకుంటే వెనక్కి వెళ్లవచ్చు. మనం నిత్యం నొక్కే "అన్‌డూ" వెనక ఉన్న ఆలోచన ఇదే. 1994లో ఎరిక్ గామా, రిచర్డ్ హెల్మ్, రాల్ఫ్ జాన్సన్, జాన్ వ్లిసిడెస్ కలిసి రాసిన డిజైన్ ప్యాటర్న్స్ పుస్తకం దీనికి కమాండ్ అని పేరుపెట్టి అందరికీ చేర్చింది. వాళ్లు అందుకు ఎంచుకున్న ఉదాహరణ మెనూ అంశమే.

తర్వాత 1998 ప్రాంతంలో డెల్ఫీ, జావా స్వింగ్ రెండూ ఇంకో మెట్టు ఎక్కాయి. ప్రింటు అనే పని ఒక్కటే. మెనూ, పైనుండే బొమ్మ బొత్తాం, కీబోర్డు మీటలు మూడూ దానికి దారులు. ఆ పనిని ఒకచోట నిలిపేస్తే మూడు దారులూ బూడిదరంగులోకి వెళ్తాయి. నార్వేలో పుట్టిన క్యూట్ అనే చట్రంలోనూ ఇదే ఉంది. ఆ చట్రం చాలాకాలం ముడిని పేర్లతోనే వేసేది. పేరులో అక్షరం తప్పినా కంపైలు అయిపోయేది, నడిపినప్పుడే బయటపడేది. 2012లో వచ్చిన ఐదో రూపం నుంచి ముడి తప్పైతే కంపైలరే పట్టుకునే పద్ధతి కూడా వచ్చింది. పొరపాటు గుమస్తా బల్ల దాకా పోకుండా రాసేవాడి బల్ల దగ్గరే ఆగాలి. ఈ చరిత్ర అంతా ఆ దిశగానే నడిచింది.

రోజు ముగింపును వెనక్కి తిప్పే వీలు నేను 1993లో పెట్టి ఉంటే ఆ పెద్దావిడకు మెమో మాటే వచ్చేది కాదు. దారి అప్పటికే ఉంది, నాకే తెలియదు.

ఇప్పుడు మా దగ్గర కొత్తగా చేరే పిల్లలకు ఇదంతా వేరే చెప్పక్కర్లేదు, పనిముట్లే చాలావరకు చూసుకుంటాయి. నేను వాళ్లచేత ఒక్కటే చేయిస్తాను. ప్రోగ్రాము బయటికి పంపే ముందు, మెనూలో ప్రతి అంశాన్నీ పై నుంచి కింది దాకా స్వయంగా నొక్కి, జరిగింది అదేనా అని చూసి, కాగితం మీద టిక్కు పెట్టి సంతకం చేయాలి. వాడుకున్న మనిషి "నేను అది నొక్కలేదు" అంటే ముందు ఆ మనిషినే నమ్మాలి, తర్వాతే యంత్రాన్ని.

మొన్న ఈ ఉత్సవాల పని మీద బడికి వచ్చినప్పుడు ఆఫీసులో అడిగితే పాత అడ్మిషన్ రిజిస్టరు తీసి చూపించారు. అంచులు చిరిగాయి, సిరా వెలిసింది. నా పేరు, నాన్నగారి పేరు, రెండు పుట్టుమచ్చలు, వాటి ముందు నా నంబరు అలాగే ఉన్నాయి. లెక్కల మాస్టారు ఇప్పుడు లేరు. ఆ రోజు ఆయన చేత్తో దిద్ది, 31 కొట్టేసి 84 వేసి, పక్కన పొడి సంతకం చేసిన ప్రోగ్రెస్ కార్డు నా దగ్గర ఇంకా ఉంది. ఉత్సవాల రోజున ప్రదర్శనలో పెట్టడానికి దాన్ని సంఘానికి ఇస్తున్నాను.

(1984 పదో తరగతి బ్యాచ్)